పేరు రాయని రాణిచీమ

సిస్టర్ పోయారన్న సంగతి నాకు నెల ఆలస్యంగా తెలిసింది. ఫోన్ చేసింది వాళ్ళ చెల్లెలు. "మా అక్కయ్య చీమల పుస్తకాలు నాలుగున్నాయండీ. లలితకి ఇవ్వమని చెప్పింది. మీ నంబరు దొరకడానికే ఇన్నాళ్ళు పట్టింది. ఒకసారి చందానగర్ రాగలరా?" అన్నారావిడ. వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక వంటగదిలో నిలబడి చాలాసేపు ఏడ్చాను. ఆ ఏడుపులో దుఃఖం సగమే. మిగతా సగం ఏమిటో చెప్పాలంటే ముందు ఆవిడ ఎలాంటి మనిషో చెప్పాలి.

ఆవిడ పేరు రాయను. పేరు పెట్టి పిలిచినవాళ్ళు మా ఆఫీసులో ఎవరూ లేరు కూడా. కోస్తా వైపు ఒక ఆస్పత్రిలో చాలా ఏళ్ళు నర్సుగా చేసి వచ్చారు కాబట్టి మేనేజరు నుంచి టీ తెచ్చే మనిషి దాకా అందరికీ సిస్టరే.

తొంభైల చివరి సంవత్సరాలవి. హైటెక్ సిటీ అద్దాల భవనం కొత్తగా లేచింది, దాని చుట్టూ ఇంకా బండలూ తుప్పలే ఉన్నాయి. మా ఆఫీసు అక్కడికి కొంత దూరంలో, మాదాపూర్ రోడ్డు మీద ఒక మేడ రెండో అంతస్తు. అమెరికాలో డాక్టర్లు రోగి గురించి టేపులో చెప్పిన మాటలు మాకు వచ్చేవి. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కాలికింద పెడల్ నొక్కి ముందుకీ వెనక్కీ తిప్పుకుంటూ, విన్నది విన్నట్టు టైపు కొట్టడం మా ఉద్యోగం. పొద్దున ఏడింటికి మొదలు, మధ్యాహ్నం మూడింటికి ముగింపు. మేము కొట్టినదాన్ని కాగితం మీద తీయించుకుని, టేపుతో సరిచూసి, తప్పులు పట్టడం సిస్టర్ పని.

నేను చేరిన మొదటి వారం. ఒక డాక్టరు దగ్గుతూ ఏదో మందు పేరు చెప్పాడు. ఒకసారి విన్నాను, తెలియలేదు. వినపడ్డ చప్పుడుకు దగ్గరగా ఉన్న ఒక పేరు నిఘంటువులో దొరికితే అది కొట్టేసి పంపాను. సిస్టర్ ఆ కాగితం పట్టుకుని నా కుర్చీ దగ్గరకి వచ్చారు.

"ఈ మాట నువ్వు విన్నావా అమ్మా, అనుకున్నావా?"

"అనుకున్న సిస్టర్."

"అనుకున్నది రాయకూడదు. మూడుసార్లు విను. తెలియకపోతే పక్కవాళ్ళకి వినిపించు. వాళ్ళకీ తెలియకపోతే ఖాళీ వదిలెయ్. ఖాళీ వదిలితే ఎవరూ చావరు."

చివరి మాట ఆవిడ నవ్వుతూ అనలేదు. ఆస్పత్రిలో ఎప్పుడో, ఎవరో, అనుకున్నది రాసినందువల్ల ఏమైందో ఆవిడ చూశారని నాకు అప్పుడే తోచింది. అదేమిటో ఎన్నడూ చెప్పలేదు. నేను అడగలేదు.

ఖాళీలకు ఆవిడ పెట్టిన పద్ధతి ఒకటుండేది. కాగితం మీద ఖాళీ గీత కనిపిస్తే, దాని పక్కన పెన్సిల్‌తో ఒక అక్షరం రాసేవారు. ఆ ఖాళీని ఎవరు పూరించాలో వాళ్ళ పేరులో మొదటి అక్షరం. నావైతే "ల". మళ్ళీ విని, తేల్చుకుని, పెన్నుతో మాట రాశాక ఆ పెన్సిల్ అక్షరాన్ని రబ్బరుతో చెరపాలి. చెరిపేదాకా ఆ ఖాళీ మన మీద ఉన్నట్టే. పొద్దున్నే బల్ల మీద పది "ల"లు కనిపిస్తే నాకు ఆ రోజు టిఫిన్ సహించేది కాదు.

మేనేజరుకు ఖాళీలంటే మంట. ఒకరోజు అందరి ముందూ అడిగాడు. "ఏంది సిస్టర్, అన్ని ఖాళీలేనా? అవతలోళ్ళు పరేషాన్ అయితున్నరు. ఏదో ఒకటి నింపి పంపరాదా?"

"ఏదో ఒకటి అనేది మందు కాదండి," అన్నారు సిస్టర్, చేతిలో కాగితం మీంచి తల ఎత్తకుండానే. "ఖాళీ ఉంటే డాక్టరుగారు చూసి నింపుకుంటారు. తప్పుడు మాట ఉంటే చూడకుండా సంతకం పెడతారు." మేనేజరు ఇంకేదో అనబోయి, జర ఫికర్ చెయ్యాలె అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

పొట్టి మనిషి. నేతచీర కుచ్చిళ్ళు నేలకు నాలుగు వేళ్ళు పైనే ఆగేవి. ఎడమ భుజం దగ్గర పిన్నుతో పెట్టుకున్న చిన్న గడియారం తలకిందులుగా వేలాడేది. మెడలో రెండుండేవి. ఒకటి సిలువ ఉన్న సన్న గొలుసు, ఇంకొకటి నల్లతాడుకు కట్టిన మడత భూతద్దం. ఏదైనా చూడాలంటే కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసి, భూతద్దం కంటికి ఆనించి, ఊపిరి బిగబట్టేవారు. ఎదుటి మనిషి కూడా ఊపిరి బిగబట్టాల్సిందే. మా గాలికి చీమ ఎగిరిపోతుందని ఆవిడ భయం.

అవును, చూసేది చీమల్నే. బస్సు దిగి ఆఫీసుకు పది నిమిషాల దారి. ఆవిడకి అరగంట పట్టేది, నేల చూసుకుంటూ నడిచేవారు కాబట్టి. మమ్మల్నందర్నీ నువ్వు అనే మనిషి చీమల్ని మాత్రం మీరు అనేవారు. "కాస్త జరగండమ్మా, కుర్చీ లాగుతున్నా" అని నేలకేసి చెబుతుంటే కొత్తగా చేరినవాళ్ళు బిత్తరపోయేవాళ్ళు.

"మాకన్న చీమలు పెద్దోళ్ళా సిస్టర్?" అని నేనొకసారి అడిగాను.

"మరి? వాళ్ళిక్కడ మొదట్నుంచీ ఉన్నారు. మనం కిరాయికొచ్చాం." కిరాయి అన్న మాట మా దగ్గరే నేర్చుకున్నారు. దాన్ని వాడే అవకాశం వస్తే వదిలేవారు కాదు.

మధ్యాహ్నం డబ్బా తెరిచి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని, మొదటి నాలుగు మెతుకులు కిటికీ గట్టు మీద పెట్టేవారు. తర్వాతే తినడం. ఆ గట్టు దగ్గరే నాకు చీమని చూడడం నేర్పారు.

"అందరూ రంగు చూస్తారు. రంగు వదిలెయ్. సైజు కూడా వదిలెయ్. నడుము చూడు. ఛాతీకీ పొట్టకీ మధ్య సన్నంగా ఉంటుంది కదా, అక్కడ ముడి ఉంటుంది. ఒకటా, రెండా?"

భూతద్దంలోంచి నాకు పరిగెత్తే చుక్క తప్ప ఏమీ కనిపించేది కాదు. ఒకటా రెండా అని ఆవిడ, తెలుస్తలేదు సిస్టర్ అని నేను. ఇట్లా ఒక నెల గడిచింది. ఒకరోజు ఒక చీమ మెతుకు దగ్గర ఆగింది. దాని నడుములో రెండు పూసలు స్పష్టంగా కనిపించాయి. "రెండు" అన్నాను. ఆవిడ భూతద్దం తీసుకుని చూసి, "రెండే" అన్నారు. ఆ రోజు నేను మా ఊరు పుప్పాలగూడ దాకా బస్సులో నిలబడి వెళ్ళానో కూర్చుని వెళ్ళానో కూడా తెలియలేదు. మా ఇంట్లో నేను సరిగ్గా చెప్పిన మాటను సరే అన్నవాళ్ళు అప్పటిదాకా లేరు. ఆఫీసులో నా ఇంగ్లిష్ విని నవ్వేవాళ్ళే గానీ, నువ్వు చూసింది నిజమే అన్నవాళ్ళు అసలే లేరు.

ఆవిడకి అసలు పిచ్చి రాణిచీమలు. మొదటి వాన పడ్డాక రెక్కలున్న చీమలు పైకి లేస్తాయి, జతకడతాయి, నేలకు దిగుతాయి. మగవి చచ్చిపోతాయి. రాణి మాత్రం తన రెక్కలు తనే తీసేసుకుని చోటు వెతుక్కుంటుంది. అలా ఒంటరిగా తిరిగే రాణిని పట్టి, గాజు గొట్టంలో పెట్టేవారు. గొట్టం అడుగున నీళ్ళు, నీళ్ళకి దూది అడ్డం, మూతికి ఇంకో దూది. మిఠాయి పొట్లాలకు చుట్టే ఎర్ర గాజు కాగితం పైన చుట్టేవారు, ఎర్ర వెలుగు చీమలకి కనపడదు కాబట్టి లోపల రాణికి చీకటిగా ఉంటుందని. ఆఫీసు బీరువాలో కింది అర ఆవిడది. అందులో ఎప్పుడూ నాలుగైదు గొట్టాలు పడుకుని ఉండేవి. ఒక్కోదానికి చీటీ. ఎక్కడ దొరికింది, నడుము ముడి, నడక, తిండి, పేరు.

పేరు దగ్గర చాలా చీటీల్లో గీతే ఉండేది. "రాణి ఒక్కత్తీ ఉన్నప్పుడు పేరు చెప్పడం కష్టమమ్మా. పిల్లలు పుట్టాక వాళ్ళని చూసి చెప్పొచ్చు. అప్పటిదాకా ఆగాలి," అనేవారు. ఆగడం ఆవిడకి చేతనైన పని. నాకు ఎన్నడూ కాదు.

మా ఆఫీసు వెనక ప్రహరీ అవతల ఒక పెద్ద బండ ఉండేది. ఏనుగంత కాదు, నాలుగు ఏనుగులంత. అక్కడేదో కంపెనీ కట్టాలని దాన్ని కొద్దికొద్దిగా పేలుస్తున్నారు. మధ్యాహ్నం ఈల ఊది ఎర్రగుడ్డ ఊపితే మేమంతా కిటికీ అద్దాల దగ్గర్నుంచి లేచి అవతలి గోడకు ఆనుకుని నిలబడేవాళ్ళం. చప్పుడయ్యాక మళ్ళీ హెడ్‌ఫోన్లు పెట్టుకునేవాళ్ళం. సిస్టర్ మాత్రం కిటికీ దగ్గరకి వెళ్ళి గట్టు మీద ఎవరైనా బెదిరారేమో చూసి వచ్చేవారు.

ఆ జూన్‌లో మొదటి వాన పడిన మర్నాడు, ఆ బండ పాదం దగ్గర సిస్టర్‌కు ఒక రాణి దొరికింది. పొడుగ్గా, ముదురు గోధుమరంగులో, రెక్కలు తీసేసుకుని ఉంది. పట్టపగలు, ఎండలో, ఏ కంగారూ లేకుండా తిరుగుతోందట. గొట్టంలోకి ఎక్కించి తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

"చూడు."

చూశాను. "ఒకటే ముడి. గండు చీమ రాణి సిస్టర్."

"ఒకటే ముడి. అంతవరకూ నిజం. కానీ ఈ నడక చూడు. గండు చీమ రాణి ఇలా నడవదు. ఇది దేన్నో వెతుకుతున్నట్టు నడుస్తోంది."

తర్వాత రెండు రోజులు ఆవిడ ధ్యాసంతా దాని మీదే. తిండి తినేటప్పుడు గొట్టం, కాగితాలు దిద్దేటప్పుడు గొట్టం. అట్టలేని పాత ఇంగ్లిష్ పుస్తకం ఒకటి తెచ్చుకుని పేజీలు తిప్పేవారు. చివరికి నాకు విడమరచి చెప్పారు. గండు చీమ రాణి అయితే తలుపు మూసుకుని కూర్చుంటుంది. తన ఒంట్లో ఉన్న శక్తితోనే పిల్లల్ని సాకుతుంది. తిండి ముట్టదు, మనం కదిలించకూడదు. కదిలిస్తే బెదిరిపోయి తన గుడ్లు తనే తినేస్తుంది. ఇంకో రకం ఉంది. కొండి ఉండి కుట్టే రకం, వేటాడేది. దానికీ ఒకటే ముడి. ఆ రాణి ఒంటరిగా ఉన్నా బయటికెళ్ళి వేటాడి తినాల్సిందే. తిండి లేకపోతే బతకదు.

"కొండి ఉన్నదా లేదా చూస్తే అయిపాయె గద సిస్టర్?"

"లోపల దాచుకుంటుంది. చూడాలంటే నొక్కాలి. కొత్తగా గుడ్లు పెట్టిన మనిషిని నొక్కుతామా?" అప్పటికి ఆ గొట్టంలో ఆరు గుడ్లున్నాయి. "తిండి పెట్టి చూద్దాం. తింటే ఒక రకం, తినకపోతే ఇంకో రకం. అదే మనకు జవాబు. ఇలాంటిదాన్ని నేను ఇదివరకు చూళ్ళేదు లలితా. ఆ బండ ఇంకో నెల ఉండదు. మళ్ళీ దొరకదు."

ఆవిడ గొంతులో ఆశ నేనెప్పుడూ వినలేదు. ఆ ఒక్కసారే విన్నాను.

సరిగ్గా అప్పుడే ఊళ్ళో చెల్లెలికి ఆపరేషన్ అని కబురొచ్చింది. మూడు వారాలు సెలవు పెట్టారు. వెళ్ళే ముందు గొట్టం నా చేతికిచ్చారు. రోజు విడిచి రోజు పొద్దున, వానకు లేచే ఉసిలి పురుగును చిన్న ముక్క చేసి లోపల పెట్టాలి. మర్నాడు అది ఉందో లేదో చూసి, వచ్చాక తనకి చెప్పాలి. "నీ కన్ను మీద నాకు నమ్మకం ఉంది," అన్నారు. ఉద్యోగంలో చేరాక నేను అందుకున్న మెప్పుల్లో అంత పెద్దది ఇంకొకటి లేదు.

ఆ మెప్పే నా నెత్తికెక్కింది. మాది పుప్పాలగూడ. అప్పటికది ఊరే. పొలాలూ బండలూ మధ్య పుట్టి పెరిగినదాన్ని, చీమలు కుట్టించుకుంటూ వేరుశనక్కాయలు ఏరినదాన్ని. కోస్తా నుంచి వచ్చిన ఆవిడకు అనుమానం ఉండొచ్చు గానీ, మా బండ కింది గండు చీమ నాకు తెలియదా అనుకున్నాను. చీటీ మీద పేరు దగ్గర ఖాళీ గీత నన్ను వెక్కిరిస్తున్నట్టుండేది. సిస్టర్ వచ్చేసరికి పిల్లచీమలు పుట్టి ఉంటాయి, చీటీ నిండి ఉంటుంది, ఆవిడ ముఖం వెలిగిపోతుంది. ఇదీ నా కల. పెన్సిల్ తీసి, గట్టిగా ఒత్తి, ఆ గీత మీద "గండు చీమ" అని రాశాను.

గండు చీమ అయితే కదిలించకూడదు కదా. ఆవిడే చెప్పారు కదా. ఉసిలి ముక్క ఒక్కటంటే ఒక్కటి పెట్టలేదు. ఎర్ర కాగితం చుట్టి, బీరువాలో లోపలికి తోసి, తలుపు మెల్లగా వేసేదాన్ని. ఎంత ప్రేమగా చూసుకుంటున్నానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఆవిడ వస్తారనగా రెండు రోజుల ముందు కాగితం విప్పాను. గుడ్లు లేవు. రాణి దూది పక్కన కాళ్ళు ముడుచుకుని పడి ఉంది. చచ్చిపోయి ఎన్నాళ్ళయిందో, పొట్ట మీద తెల్లగా బూజు. పుల్లతో ముట్టుకుంటే పొట్ట రాలిపోయింది. కొండి ఉందో లేదో ఇక ఎవరూ చూడలేరు.

అప్పుడు నేను చేసింది చెబుతాను. రబ్బరు తీసుకుని చీటీ మీద "గండు చీమ" చెరిపేశాను. తిని మిగిల్చినట్టు ఒక ఉసిలి రెక్క గొట్టంలో పడేశాను. ఇంత పెద్ద మోసం ఇంత చిన్న పనులతో అయిపోయింది.

సిస్టర్ సోమవారం పొద్దున్నే వచ్చారు. చేతిసంచి కింద పెట్టకుండానే బీరువా తెరిచారు. గొట్టం కిటికీ వెలుగులో పట్టుకుని, కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసి చాలాసేపు చూశారు. నేను ఊపిరి బిగబట్టాను. ఆ రోజు అది చీమ కోసం కాదు.

"తిందా?" అన్నారు.

"తిన్నది సిస్టర్."

తల ఊపారు. మధ్యాహ్నం డబ్బా తెరిచి, మెతుకులు గట్టు మీద పెట్టి, నా వైపు తిరగకుండానే, "పెట్టిన ముక్క తిందన్నావు కదూ?" అని అడిగారు. తిన్నది అన్నాను. మూడింటికి బస్టాపులో, బస్సు కనిపిస్తుండగా, చాలా మెల్లగా అడిగారు. "లలితా, అది తిందామ్మా?"

ఇప్పటికైనా చెప్పొచ్చు అనిపించింది. నోరు తెరిచాను. "తిన్నది సిస్టర్," అనే వచ్చింది.

"సరే," అని బస్సెక్కారు.

ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడూ అదే పలకరింపు, కాగితాల మీద అదే "ల". నాకే ఆవిడ ముఖంలోకి చూడడం కష్టమైంది. తిన్నదంటే వేటాడే రకం కావాలి, మరి తిండి దొరికీ ఎందుకు చచ్చినట్టు? ఇక అది ఏ రకమో తేలదు. నా ఒక్క మాటతో ఆ ప్రశ్నకు జవాబు లేకుండా పోయింది. ఆగస్టుకల్లా బండ కూడా పోయింది, అక్కడ గుంత మిగిలింది. ఆ తర్వాత ఏడాదికి మా కంపెనీ మూసేశారు. తలా ఒక దిక్కు అయిపోయాం. చివరి రోజు సిస్టర్ నా తల మీద చెయ్యి పెట్టి ఏదో ప్రార్థించారు. నాకు వినపడలేదు, మళ్ళీ అడగలేదు.

ఆవిడ్ని ఇంకొక్కసారి చూశాను. ఏడెనిమిదేళ్ళ తర్వాత, చందానగర్ మార్కెట్లో. కూరగాయల బండ్ల మధ్య, కాలవ రాయి మీదికి వంగి, కళ్ళద్దాలు నెత్తి మీద పెట్టుకుని ఉన్నారు. చుట్టూ జనం తోసుకుంటూ పోతున్నారు. "కాస్త ఆగండి, వెళ్ళనివ్వండి వాళ్ళని" అంటున్నారు ఎవరితోనో. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నాలుగడుగులు వేస్తే చేరుకునేదాన్ని. నడుము ముడి ఒకటా రెండా అని వెనకనుంచి అడిగితే తిరిగి చూసేవారు. నాకు ఎంత కోరికగా ఉండిందో చెప్పలేను. కానీ పలకరిస్తే నిజం చెప్పాలి. టమాటాల సంచి ఛాతీకి పట్టుకుని అవతలి సందులోంచి వెళ్ళిపోయాను. ఆ తర్వాత మొదటి వాన పడ్డప్పుడల్లా రేపు వెళ్తాను, రేపు చెప్తాను అనుకుంటూనే ఇన్నేళ్ళు గడిపాను.

మొన్న వెళ్ళాను, ఆవిడ లేని ఇంటికి. వాళ్ళ చెల్లెలు మంచినీళ్ళిచ్చి, నాలుగు నోటుపుస్తకాలు తెచ్చి ముందు పెట్టారు. "రోజూ ఆ కిటికీ దగ్గర కూర్చునేదండీ. కళ్ళు కనపడకపోయినా చెయ్యి చాపి గట్టు తడుముకునేది," అన్నారు. కిటికీ గట్టు మీద ఎండిన మెతుకులు రెండున్నాయి. అక్కయ్య అలవాటు మానలేక తనే పెడుతున్నానన్నారావిడ.

రెండో పుస్తకంలో ఆ రాణి పేజీ దొరికింది. పైన మా చీటీ అంటించి ఉంది. వెలుగుకి వంచితే పేరు గీత మీద నేను ఒత్తి రాసి చెరిపిన అక్షరాల గుంటలు కనిపిస్తున్నాయి. గండు చీమ. మెడలో భూతద్దం వేసుకుని తిరిగే మనిషికి అవి కనపడలేదని నేను ఇన్నేళ్ళూ నమ్మాను.

కింద ఆవిడ చేతిరాత. దొరికిన చోటు: ఆఫీసు వెనక బండ. నడుము ముడి: ఒకటి. నడక: గండు చీమది కాదు. కొండి: చూడలేదు. గుడ్లు: ఆరు, తర్వాత లేవు.

తిండి అన్నచోట ఖాళీ గీత.

నేను చెప్పింది ఆవిడ రాయలేదు. మూడుసార్లు అడిగారు. వినపడని మాటను ఎన్నిసార్లు వినాలని నాకు నేర్పారో అన్నిసార్లు. పక్కవాళ్ళని అడగడం ఒక్కటే మానేశారు. అడిగి ఉంటే నా పరువు ఆఫీసులో ఆ రోజే పోయేది. తిన్నదనీ రాయలేదు, లలిత అబద్ధం చెప్పిందనీ రాయలేదు. గీత గీసి వదిలేశారు.

గీత పక్కన పెన్సిల్‌తో చిన్న అక్షరం ఉంది. ల.

వాళ్ళ చెల్లెలు కంగారుపడి, "ఏమైందండీ?" అన్నారు. "పెన్ను ఉంటే ఇస్తరా అమ్మా," అన్నాను. తెచ్చిచ్చారు. ఆ ఖాళీలో రాశాను. "పెట్టలేదు. ఒక్కసారి కూడా." నా రాత వంకరగా వచ్చింది.

పేరు దగ్గర గీతను అలాగే ఉంచాను. అదేమిటో నాకు ఈరోజుకీ తెలియదు.

ఖాళీ పూరించాక పెన్సిల్ అక్షరం చెరపాలి, అది పద్ధతి. వాళ్ళ చెల్లెలు రబ్బరు కూడా వెతికి తెచ్చారు. కాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఇన్నేళ్ళూ ఆవిడ నా కోసం ఎదురుచూసిన గుర్తు అదొక్కటే. రబ్బరు వాళ్ళ చెల్లెలికే తిరిగి ఇచ్చేసి పుస్తకం మూశాను.